రవ్వ, లవంగం, నా కనుబొమ్మలు

జూన్ 12, గురువారం

స్కూలు తెరిచారు. పిల్లలు వేసవిలో లెక్కలన్నీ మర్చిపోయారు. నేనంటే భయం మాత్రం మర్చిపోలేదు, అదే సంతోషం.

ఇంటికొచ్చేసరికి లిఫ్ట్ పక్కన నోటీసు. ఆదివారం అసోసియేషన్ మీటింగ్. చర్చించాల్సిన విషయం ఒక్కటే: "203 వారి కుక్క."

203 అంటే మేమే. కుక్క పేరు రవ్వ. రెండేళ్ళ కిందట మా అమ్మాయి కీర్తన మల్లాపూర్ రోడ్డు పక్క మోరీలోంచి తీసుకొచ్చింది. వేయించిన బొంబాయి రవ్వ రంగులో ఉందని ఆ పేరు పెట్టింది. అప్పుడు దోసిట్లో పట్టేది. ఇప్పుడు సోఫాలో కూడా పట్టడం లేదు.

జూన్ 15, ఆదివారం

మీటింగ్ అయింది. పరువు పోయింది.

మూడో అంతస్తు తారామణిగారు మొదలుపెట్టారు. మేడ మీద ఆరబెట్టిన ఎండు రొయ్యలు రవ్వ తినేసిందట. తిన్నది తిన్నట్టు పోకుండా ఖాళీ పళ్ళెం తెచ్చి వాళ్ళ గుమ్మం ముందే పెట్టిందట. మా ఆయన ఫణీంద్ర లేచి, ఆ రొయ్యలు తిన్నది మా కుక్కేనని రుజువేమిటని అడిగారు. ఆయన ఆడిటర్ దగ్గర పనిచేస్తారు. పెళ్ళిలో కూడా ఇలాంటి ప్రశ్నలే అడిగారు.

అప్పుడు ప్రెసిడెంట్ బాలరాజుగారు ప్లాస్టిక్ కవర్లోంచి తన బూటొకటి తీసి బల్ల మీద పెట్టారు. సగమే ఉంది. ఆయన ఆర్టీసీ చెకింగ్ స్క్వాడ్‌లో చేసి రిటైరయ్యారు. టికెట్ లేని వాడిని చూసినట్టు నన్ను చూశారు.

"టీచరమ్మా, నాకు కుక్క మీద కోపం లేదు. గని రూల్ అంటే రూలే. డిసెంబర్‌ల జనరల్ బాడీ ఉంది. గంతలోపు దానికి ట్రైనింగ్ ఇప్పించి సర్టిఫికెట్ దెండ్రి. లేకుంటే దాన్ని పంపియ్యాలె."

కీర్తన ఫోన్లో చట్టం చదివి వినిపించింది. ఏ అసోసియేషనూ కుక్కను వెళ్ళగొట్టకూడదట. అందరూ శ్రద్ధగా విన్నారు. తర్వాత మాతో పాటు లిఫ్ట్ ఎవరూ ఎక్కలేదు.

చట్టం మా వైపు ఉంది. మనుషులే లేరు.

జూన్ 18, బుధవారం

రవ్వని డాక్టరుకి చూపించాం. జబ్బేమీ లేదట. బోర్ కొడుతోందట. కుక్కకు తిండి పెడితే చాలదు, ముక్కుకి పని పెట్టాలన్నాడు. సెంట్ వర్క్ అని ఒక ఆట ఉందట. దాచిపెట్టిన వాసనను కుక్క వెతికి పట్టుకోవాలి. పోటీలు, సర్టిఫికెట్లు కూడా ఉన్నాయట. సర్టిఫికెట్ అన్న మాట వినగానే నేను నంబరు రాసుకున్నాను.

ఫోన్ చేస్తే అవతలి అమ్మాయి నా గొంతు వినగానే, "టీచర్, నేను మానసను," అంది. టెన్త్‌లో నా స్టూడెంట్. వెనక బెంచీ. లెక్కల్లో ఎప్పుడూ బొటాబొటీ మార్కులు.

జూన్ 22, ఆదివారం

ఉప్పల్ భగాయత్‌లో ఇంకా ఇళ్ళు కట్టని ప్లాట్ల మధ్య క్లాసు పెట్టింది మానస. మెట్రో రైలు దూరంగా కనిపిస్తూ పోతుంటుంది. హబ్సిగూడ నుంచి ఏసీ కారులో ఒక గోల్డెన్ రిట్రీవర్ వచ్చింది. కాకులంటే భయపడే జర్మన్ షెపర్డ్ ఒకటి. కల్నల్ అనే బీగిల్ ఒకటి. మేం ఆటోలో వెళ్ళాం.

ఆట ఇది. వరసగా అట్టపెట్టెలు పెడతారు. ఒక దాంట్లో చిల్లులు పొడిచిన బామ్ డబ్బా ఉంటుంది. అందులో లవంగ నూనెలో ముంచిన ఇయర్ బడ్. కుక్క ఆ పెట్టె దగ్గరికి వెళ్ళి కూర్చోవాలి. నేను చెయ్యెత్తి "అలర్ట్" అనాలి. కరెక్టయితే కుక్కకి తాయిలం. తప్పయితే ఇద్దరం ఇంటికి.

అన్నీ చెప్పాక మానస నన్ను పక్కకు పిలిచింది. మొహమాటపడుతూ ముఖ్యమైన రూల్ చెప్పింది. నేను మాట్లాడకూడదట. కుక్కకి తెలుసు, నాకు తెలీదు, అన్నట్టు ఉండాలట.

ఇన్నేళ్ళ సర్వీసులో ఈ మాట నాతో హెడ్ మాస్టర్ కూడా అనలేదు.

జూన్ 25, బుధవారం

తాయిలం అంటే కోడి లివర్ ఉడకబెట్టి చిన్న ముక్కలు కోయాలి. మా ఆయన డబ్బా మూత తీసి చూశారు. తర్వాత తన కంచంలోని తోటకూర చూసుకున్నారు. కొలెస్ట్రాల్ తనకా, కుక్కకా అని అడిగారు.

జూలై 6, ఆదివారం

రవ్వ జీనియస్.

ఎన్ని పెట్టెలు పెట్టినా, ఎలా మార్చినా, నేరుగా వెళ్ళి కూర్చుంటోంది. ఒక్కటి కూడా తప్పలేదు. గోల్డెన్ రిట్రీవర్ వాళ్ళావిడ మా రవ్వ ఏ బ్రీడని అడిగింది. మల్లాపూర్ అని చెప్పాను.

వారమంతా ఇంట్లో నేనే దాచి నేనే వెతికిస్తున్నాను. వీడియోలు తీసి స్టాఫ్ గ్రూపులో పెట్టాను. సోషల్ మేడం చప్పట్లు పెట్టింది. హిందీ సార్ గ్రూపులోంచి వెళ్ళిపోయారు.

జూలై 16, బుధవారం

మా ఆయనకు పన్ను నొప్పి. పంటి కింద లవంగం పెట్టుకుని సోఫాలో కూర్చున్నారు. రవ్వ వచ్చి ఎదురుగా బుద్ధిగా కూర్చుంది. కదలదు. ఆయన బెడ్రూంలోకి వెళితే అక్కడికెళ్ళి కూర్చుంది. బాత్రూం బయట కూర్చుంది. ఆయన నోరు తెరిచి ఆవులిస్తే లేచి నిలబడింది.

ఈ కుక్కకి తాయిలం ఇచ్చి పంపించమని తలుపు అవతల్నుంచి బతిమాలుకున్నారు. ఇచ్చాను. దొరికినందుకు ఇవ్వాలి కదా, రూలు.

జూలై 27, ఆదివారం

రాయాలని లేదు. రాస్తాను.

ఇవాళ మానస బ్లైండ్ పెట్టింది. అంటే డబ్బా ఎక్కడుందో నాకు కూడా చెప్పదు. నేను నవ్వాను. నాకు తెలిస్తే ఎంత, తెలియకపోతే ఎంత, వెతికేది రవ్వ కదా అన్నాను. ఫోన్ తీసి వీడియో తియ్యమని బీగిల్ వాళ్ళాయనకు ఇచ్చాను కూడా.

రవ్వ మొదటి పెట్టె దగ్గరికి వెళ్ళి నా మొహం చూసింది. రెండో పెట్టె దగ్గరికి వెళ్ళి నా మొహం చూసింది. చివరిదాకా అంతే. తర్వాత మధ్యకి వచ్చి కూర్చుని నన్నే చూస్తూ తోకాడించింది. పెట్టెల్లో ఒక్కదాన్నీ వాసన చూడలేదు.

మళ్ళీ చేశాం. మళ్ళీ అంతే.

మానస నా పాత వీడియోలు అడిగి తీసుకుంది. కారు బానెట్ మీద ఫోన్ పెట్టి నెమ్మదిగా తిప్పి చూపించింది. ప్రతి వీడియోలోనూ రవ్వ అసలు పెట్టె దగ్గరికి రాగానే నా కనుబొమ్మలు రెండూ పైకి లేస్తున్నాయి. ఊపిరి బిగబడుతున్నాను. ఒక వీడియోలో అయితే బొటనవేళ్ళ మీద లేచాను.

"టీచర్, అది డబ్బలను సూస్తలేదు. మిమ్మల్ని సూస్తున్నది."

ఫోన్ తీసుకుని బ్యాగులో వేసుకున్నాను. మానస ఊరుకుంటే బావుండేది. తప్పు నాదొక్కదానిదే కాదన్నట్టు ఓదార్పుగా ఇంకో మాట చెప్పింది. వాళ్ళ బ్యాచ్ అందరికీ ఈ సంగతి తెలుసట. బోర్డు మీద లెక్క అడిగితే నోటికొచ్చిన అంకెలు ఒక్కొక్కటీ చెప్పుకుంటూ పోయేవాళ్ళట. నా కనుబొమ్మలు లేచిన చోట ఆగేవాళ్ళట.

"గట్లనే పాసయిన టీచర్ నేను."

ఆటోలో వస్తుంటే రవ్వ నా ఒళ్ళో తల పెట్టుకుంది. తోసేశాను. మళ్ళీ పెట్టుకుంది.

జూలై 28, సోమవారం

స్టాఫ్ గ్రూపులో వీడియోలు పెట్టడం ఆపేశాను. హిందీ సార్ గ్రూపులోకి తిరిగి వచ్చారు.

జూలై 30, బుధవారం

నైన్త్ బి. ఒక పిల్లాడిని బోర్డు దగ్గరికి పిలిచాను. వర్గమూలం అడిగాను. పదమూడా అన్నాడు, పద్నాలుగా అన్నాడు, పదిహేనా అని ఆగిపోయాడు. కరెక్టు.

ఇంకో లెక్క ఇచ్చి నేను కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను.  చాలాసేపటికి వాడు, మీరు ఇటు తిరగండి టీచర్, కరెంటు పోయినట్టుంది అన్నాడు.

ఆగస్టు 1, శుక్రవారం

ఇదంతా నవ్వుతూనే కీర్తనకు చెప్పాను. కీర్తన నవ్వలేదు. చాకుతో లివర్ కోస్తున్నది కోస్తూనే, నీకిప్పుడు తెలిసిందా అంది.

చిన్నప్పుడు నా ఎదురుగా కూర్చుని లెక్కలు చేసేటప్పుడు ఎప్పుడూ తప్పలేదు. ఇంటర్ పరీక్ష హాల్లో పేపర్ చూసి తల ఎత్తిందట. ఎదురుగా గోడ ఉంది. అప్పుడు తెలిసిందట తనకి లెక్కలు రావని. అందుకే లెక్కలు లేని గ్రూపు వెతుక్కుని సైకాలజీలో చేరింది. నేను ఆ పేపరు దిద్దినవాళ్ళని తిట్టుకుంటున్నాను ఇన్నాళ్ళూ.

నేను నీ మంచికే అని మొదలుపెట్టాను. నా కనుబొమ్మలు లేచినట్టున్నాయి. కీర్తన చూసి చాకు కింద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

ఆగస్టు 2, శనివారం

కీర్తన రవ్వతో మాట్లాడుతోంది. నాతో కాదు.

ఆగస్టు 10, ఆదివారం

నల్లకళ్ళద్దాలు, మాస్కు, నుదుటి మీదికి చున్నీ. క్లాసుకి ఇలా వెళ్ళాను. కాకులంటే భయపడే జర్మన్ షెపర్డ్ నన్ను చూసి కూడా భయపడింది. రవ్వ మాత్రం నా భుజాలు చదవడం మొదలుపెట్టింది.

మొహం దాస్తే లాభం లేదని మానస అంది. నాకు నిజంగా తెలియకుండా ఉండాలి. రోజూ ఎవరో ఒకరు డబ్బా దాచిపెట్టాలి.

కీర్తనకు కాలేజీలో ప్రాజెక్టట. మా ఆయన దాస్తే రోజూ టీవీ వెనకే దాస్తారు. మార్చమంటే, టీవీ ఇటు వైపు నుంచి కాకుండా అటు వైపు నుంచి దాచారు.

ఆగస్టు 17, ఆదివారం

వింత జరిగింది.

పొద్దున పార్కింగ్‌లో రవ్వని పట్టుకుని నిలబడి, డబ్బా దాచిపెట్టమని వాచ్‌మన్‌ని బతిమాలుతున్నాను. బాలరాజుగారు పేపరు కోసం దిగారు. ఏం దాస్తున్నారు, ఎందుకు దాస్తున్నారు, అసోసియేషన్ పర్మిషన్ ఉందా అని అడిగారు. అంతా చెప్పాను. ఆయన డబ్బా తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. వాచ్‌మన్ ఎక్కడ దాస్తాడు, వాడికేం తెలుసు అన్నారు.

ఆ తర్వాత వచ్చిన మాటలు పూర్తిగా రాస్తాను, ఎందుకంటే ఆయన మొహంలో మొదటిసారి నవ్వు చూశాను.

"టికెట్ లేనోడు ఏడేడ దాక్కుంటడో, లగేజీ ఏడ దాస్తడో నాకు తెల్వనిది లేదు టీచరమ్మా. సీటు కింద, టైరు సందుల, ముసలవ్వ చీరె చాటున. నా సర్వీసంత దాచినయి పట్టుడే. దాచుడు ఇంతవరకు చెయ్యలే. జర అటు తిరుగుండ్రి."

తిరిగాను. రవ్వనీ తిప్పాను.

జనరేటర్ పక్కన, పైపుల వెనక, తడి గుడ్డ కింద దాచారు. మేం వెతుకుతున్నంతసేపూ ఆయన పేపరు చదివారు. రవ్వ వెళ్ళి ఆయన మొహం చూసింది. గోడను చూసినట్టే ఉంది దానికి. నన్ను చూసింది. నాకేమీ తెలియదు. అటూ ఇటూ చూసి, ఇక ఎవరూ లేరని అర్థమై, నిట్టూర్చి, ముక్కు నేలకానించింది.

పట్టుకుంది. చాలాసేపు పట్టింది, కానీ పట్టుకుంది. నిజంగా వాసన చూసి.

నాకు ఏడుపొచ్చింది. బాలరాజుగారు పేపరు మడిచి, రేపు కూడా ఇదే టైముకు రమ్మన్నారు.

సెప్టెంబర్ 7, ఆదివారం

రోజూ పొద్దున్నే కాలింగ్ బెల్. బాలరాజుగారు బనీను మీదే వచ్చి, దాచిన టీచరమ్మా, రాండ్రి అంటున్నారు. లిఫ్ట్ తలుపు సందులో. మోటారు గదిలో. పూలకుండీ కింద. తారామణిగారి కారు కింద దూరి బయటికి రాలేకపోతే నేనూ వాచ్‌మనూ కాళ్ళు పట్టి లాగాం.

ఆయన శ్రీమతి దుర్గమ్మగారు నన్ను మెట్ల మీద ఆపారు. రిటైరయ్యాక ఆయన ఇంత పొద్దున్నే లేవడం, ఇంత ఆకలిగా తినడం ఇదే మొదటిసారి అన్నారు. తిట్టారో మెచ్చుకున్నారో తెలియలేదు.

నేను రవ్వని చూడడం నేర్చుకుంటున్నాను. ఉత్తినే నన్ను మభ్యపెట్టడానికి కూర్చుంటే నోరు తెరిచి, నాలుక వేలాడేసి, నవ్వుమొహం పెడుతుంది. నిజంగా దొరికితే నోరు మూసుకుంటుంది. ముక్కు ఆగదు. ఇంట్లో అందరికంటే నిజాయితీగా మాట్లాడుతోంది, చూసే వాళ్ళుంటే.

సెప్టెంబర్ 21, ఆదివారం

ఇవాళ బాలరాజుగారితో తగాదా.

రవ్వ మొదటి అంతస్తు తేజేష్ స్కూటీ దగ్గర కూర్చుంది. తేజేష్ సాఫ్ట్‌వేర్. నోరు మూసుకుని కూర్చుంది. నేను అలర్ట్ అన్నాను. బాలరాజుగారు తప్పన్నారు. తాను దాచింది మీటర్ల పెట్టెలోనట. ఇంకా వెతికించమన్నారు.

మామూలుగా అయితే నేను రవ్వని లాక్కుపోయేదాన్ని. ఇవాళ కదల్లేదు. రవ్వ ఇక్కడే ఉందంటోంది అన్నాను. నేనే దాచానంటుంటే కుక్క మాట నమ్ముతారా అని ఆయన. ఔనన్నాను. ఆయన విసవిసా వెళ్ళి మీటర్ల పెట్టె తెరిచారు. డబ్బా లేదు.

తేజేష్‌ని నిద్రలేపాం. పొద్దున నైట్ డ్యూటీ నుంచి వస్తూ, తలుపు తెరిచి ఉన్న మీటర్ల పెట్టెలో బామ్ డబ్బా చూశాడట. ఎవరో మర్చిపోయారనుకుని, తలనొప్పిగా ఉందని తీసి స్కూటీ డిక్కీలో వేసుకున్నాడట. తెరిస్తే చిల్లుల డబ్బాలో దూది పుల్ల ఉందని, ఇదెక్కడి బామ్ అనుకున్నాడట.

బాలరాజుగారు చాలాసేపు రవ్వ వంక చూశారు. తర్వాత అటెన్షన్‌లో నిలబడి సెల్యూట్ కొట్టారు. రవ్వ లివర్ కోసం నా జేబులో మూతి పెట్టింది.

అక్టోబర్ 12, ఆదివారం

లిఫ్ట్ పక్కన కొత్త నోటీసు. "పార్కింగ్‌లో ఇతరుల వాహనాల కింద దూరుతున్న వ్యక్తి గురించి ఫిర్యాదు." కింద సంతకం: బాలరాజు, ప్రెసిడెంట్. ఫిర్యాదు తారామణిగారిది. రూల్ ప్రకారం తన మీద తానే నోటీసు పెట్టుకున్నారు.

నవంబర్ 9, ఆదివారం

వచ్చే ఆదివారం పోటీ. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో, మూతపడిన ఒక గోడౌన్లో. జడ్జి బెంగళూరు నుంచి వస్తున్నాడు. మూడు రౌండ్లు: పెట్టెలు, గది, వాహనాలు. మూడూ నెగ్గితేనే టైటిల్, సర్టిఫికెట్. ఒకటి పోయినా రిబ్బన్లే.

కీర్తన వస్తానంది. ఎందుకని అడగలేదు. అడగకపోవడం కూడా ప్రాక్టీసే.

నవంబర్ 16, ఆదివారం, సాయంత్రం

ఒళ్ళంతా గోడౌన్ దుమ్ము. స్నానం తర్వాత. ముందు రాయాలి.

పెట్టెల రౌండ్ నెగ్గాం. రవ్వ నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నోరు మూసుకుని కూర్చుంది. అలర్ట్ అన్నాను. జడ్జి యస్ అన్నాడు. గోడౌన్ గేటు దగ్గర కుర్చీలు వేస్తే బాలరాజుగారు, దుర్గమ్మగారు, మా ఆయన, కీర్తన కూర్చున్నారు. బాలరాజుగారు ఇస్త్రీ ఖాకీ చొక్కా వేసుకొచ్చారు.

రెండోది గది. పాత ఆఫీసు గది, విరిగిన బీరువా, రెండు బల్లలు. రవ్వ గుమ్మంలోనే తల ఎత్తింది. నేరుగా కిటికీ దగ్గరికి వెళ్ళి కూర్చుంది. నోరు మూసుకునే ఉంది. ముక్కు ఆగకుండా ఆడుతోంది. నాకు అనుమానమే లేదు. గట్టిగా అలర్ట్ అన్నాను.

జడ్జి నో అన్నాడు.

కిటికీ గూట్లో ఒక పొట్లం ఉంది. వాలంటీర్లు జడ్జి కోసం తెచ్చిన మటన్ బిర్యానీ. పొరపాటున అక్కడ పెట్టి మర్చిపోయారు. నేను అలర్ట్ అన్నాక తాయిలం ఇవ్వలేదని రవ్వకి కోపమొచ్చినట్టుంది. తానే తీసుకుంది. పొట్లంతో సహా.

బాలరాజుగారు కుర్చీలోంచి లేచారు. బిర్యానీలో లవంగం ఉంటుందా ఉండదా అని జడ్జిని అడిగారు. ఉంటుందన్నాడు జడ్జి. లవంగం వెతకమన్నారు, కుక్క లవంగం వెతికింది, ఇందులో తప్పేముందన్నారు. జడ్జి పాపం ఓపిగ్గా వివరించాడు. వెతకాల్సింది నూనె. పైగా పోటీలో తిండి ముట్టుకుంటే ఆ రౌండ్ పోయినట్టే. బాలరాజుగారు వినలేదు. నేల మీద మిగిలిన అన్నం మెతుకుల ముందు గొంతుక్కూర్చుని, వేలితో కెలికి, ఒక లవంగం తీసి అందరికీ కనిపించేలా పైకెత్తి పట్టుకున్నారు.

"గిదేంది మరి?"

జడ్జి నవ్వాడు. కల్నల్ వాళ్ళాయన నవ్వాడు. రౌండ్ మాత్రం పోయింది. టైటిల్ పోయింది. సర్టిఫికెట్ పోయింది.

నేను బ్యాగు సర్దేశాను. ఇంటికెళ్ళి రవ్వ సంగతి ఏం చేయాలో ఆలోచించుకోవాలనుకున్నాను. కీర్తన వచ్చి బ్యాగు పట్టుకుంది. ఇంకో రౌండ్ ఉంది కదా అంది. గెలిచినా ఉపయోగం లేదన్నాను. ఉపయోగం గురించి రవ్వకి తెలీదమ్మా అంది.

వెళ్ళాం.

బయట ఎండలో ట్రాలీ ఆటో, మారుతి వ్యాన్, పాత అంబాసిడర్. గాలి ఎక్కువగా ఉంది. రవ్వ మూడింటినీ చుట్టింది. ఆటో నంబరు ప్లేటు దగ్గర ఆగింది. కూర్చోలేదు. అంబాసిడర్ దాటి వెళ్ళిపోయింది. మళ్ళీ వెనక్కి వచ్చింది. గాలిలో ముక్కు ఎత్తి, దించి, వ్యాన్ వెనక చక్రం దగ్గర కూర్చుంది.

నాకు తెలియదు. చక్రమా, వెనక ఆటోనా, గాలి మోసుకొచ్చిందా. ఇంతకుముందే ఒకసారి గట్టిగా అరిచి పరువు తీసుకున్నాను. టైం అయిపోతోంది.

అప్పుడు నేనేం చేశానో రాయాలంటే సిగ్గుగా ఉంది. జడ్జి మొహం చూశాను. టోపీ, నల్లద్దాలు, ఏమీ కనిపించలేదు. మానస వైపు చూశాను. మానస ఫోన్ చూసుకుంటోంది. బాలరాజుగారి వైపు చూశాను. గోడ. మా ఆయన వైపు చూశాను. ఆయన ఇంకా బిర్యానీ పోయిన గది వైపే చూస్తున్నారు. అప్పుడు అర్థమైంది. జూలైలో రవ్వ చేసిన పనే నేను చేస్తున్నాను. పెట్టె పెట్టెకీ ఆగి మొహాలు చూస్తున్నాను.

చివరికి కీర్తన వైపు చూశాను.

కీర్తన నా కళ్ళలోకి చూసింది. లేచి నిలబడింది. కుర్చీని వెనక్కి తిప్పుకుని, నాకు వీపు పెట్టి కూర్చుంది.

ఇక చూడడానికి రవ్వ ఒక్కతే మిగిలింది. చూశాను. నోరు మూసి ఉంది. చెవులు ముందుకి. నా వైపు తల తిప్పినా ముక్కు చక్రం వైపే లాగుతోంది. తోక కదలడం లేదు. నవ్వుమొహం లేదు. చాలా సీరియస్‌గా, ఎన్నిసార్లు చెప్పాలి అన్నట్టు కూర్చుంది.

అలర్ట్ అన్నాను. 

జడ్జి యస్ అన్నాడు.

అక్కడే మట్టిలో కూర్చుండిపోయాను. డబ్బాలో లివరంతా రవ్వ ముందు పోసేశాను. ఇప్పటికే మటన్ తిన్న కుక్కకి ఇంత అవసరమా అని మా ఆయన ఎవరితోనో అంటున్నారు.

వచ్చేటప్పుడు ఆటోలో కీర్తనని అడిగాను, ఎందుకట్లా తిరిగి కూర్చున్నావని. డబ్బా ఎక్కడ దాచారో తను ముందే చూసిందట.

"నా మొహంలో ఏదీ దాగదమ్మా. నావీ నీ కనుబొమ్మలే కదా."

డిసెంబర్ 7, ఆదివారం

జనరల్ బాడీ. సర్టిఫికెట్ అడిగారు. నేను రెండు రిబ్బన్లు బల్ల మీద పెట్టి కూర్చున్నాను. ఏమీ మాట్లాడొద్దని కీర్తన ముందే చెప్పింది. చేతులు కట్టుకున్నాను. పెదాలు బిగించాను.

తారామణిగారు, సర్టిఫికెట్ అంటే కాగితం, ఇవి గుడ్డముక్కలు కదా అన్నారు. బాలరాజుగారు లేచారు. మూడింట రెండు నెగ్గింది కుక్క, ఎంత శాతం టీచరమ్మా అని నన్ను అడిగారు. అరవై ఆరు పాయింట్ ఆరు ఆరు అన్నాను. ఏ పరీక్షలోనైనా అది ఫస్ట్ క్లాసే కదా అన్నారు. పోయిన రౌండ్ కూడా నిజానికి నెగ్గినట్టేనని, లవంగం తన చేత్తో తీశానని, కావాలంటే చూపిస్తానని చొక్కా జేబులో చెయ్యి పెట్టారు. దుర్గమ్మగారు ఆయన చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టారు.

రవ్వ ఉండొచ్చని తీర్మానం. రొయ్యలు ఎండబెట్టిన రోజు మేడ తలుపు వేసి ఉంచాలని మాకు షరతు. ఇతరుల వాహనాల కింద దూరకూడదని ప్రెసిడెంటుకి షరతు. రెండూ ఏకగ్రీవం. రెండో దానికి ఆయన చెయ్యి ఎత్తడానికి కొంచెం ఆలస్యం చేశారు.

రవ్వతో మేడ మీంచి దిగేటప్పుడు తారామణిగారు మాతో పాటే లిఫ్ట్ ఎక్కారు. రవ్వ ఆవిడ చేతిసంచీ ముందు కూర్చుంది. నోరు మూసుకుని. మసాలా ఉందా అని అడిగాను. ఉందన్నారు.

డిసెంబర్ 10, బుధవారం

వచ్చే పోటీకి రవ్వని తాను తీసుకెళ్తానని కీర్తన అడిగింది. నాకు చెప్పాల్సినవి చాలా వచ్చాయి. గాలి సంగతి, నోరు సంగతి, లివర్ ఏ జేబులో పెట్టుకోవాలో.

సరే అన్నాను.

డిసెంబర్ 14, ఆదివారం, సాయంత్రం, మేడ మీద

డబ్బా నేను దాచాను. కీర్తన, రవ్వ వెతుకుతున్నారు. నేను నీళ్ళ ట్యాంకు నీడలో కూర్చుని ఇది రాస్తున్నాను. ఇద్దరూ ఆగి నా వైపే చూస్తున్నారు. నేను తల ఎత్తడం లేదు.

అడుగుల చప్పుడు తప్పు వైపు వెళ్తోంది.

చెప్పను.